జిప్ పోయిందా? కుషన్ కవర్ పారేయకండి!

ఈరోజు వీడియో మా కర్లపాలెం ఇంటి వరండాలోంచే. వెనకాల ఉయ్యాల కనిపిస్తోందా? దాని మీద కుషన్ల గురించే ఈ ఎపిసోడ్.

పోయిన నెల ఈ రెండు కవర్ల జిప్‌లూ పాడైపోయాయి. "పారేయమ్మా, ఆన్‌లైన్‌లో కొత్తవి ఆర్డర్ పెడతా" అన్నాను. అమ్మ ఏం మాట్లాడలేదు. తర్వాత చూస్తే వాటిని ఉతికి, మడతపెట్టి బీరువాలో దాచింది. అప్పుడు వెలిగింది నాకు. అవి అమ్మ తన చేత్తో కుట్టినవి. ఇప్పుడు చూపు ఆనక మిషన్ తొక్కడం మానేసింది. ఇంక ఇలాంటివి కుట్టలేదు.

సరే, సాఫ్ట్‌వేర్ బుద్ధి కదా, ముందు బగ్ ఎక్కడుందో చూద్దాం అనుకున్నా.

రన్నర్ లాగుతుంటే దాని వెనకాల జిప్ మళ్ళీ విచ్చుకుంటోందా? పళ్ళన్నీ బాగానే ఉన్నాయా? అయితే తప్పు చాలావరకు రన్నర్‌దే. వాడగా వాడగా అది అరిగి వదులవుతుంది, రెండు వైపుల పళ్ళనీ దగ్గరకి నొక్కలేదు. పళ్ళే పోతే మాత్రం జిప్ మొత్తం మార్చాల్సిందే.

పైగా మాది సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి నైలాన్ పళ్ళు తుప్పు పట్టవు, లోహపు రన్నర్ మాత్రం దెబ్బతింటుంది.

ఇప్పుడు రిపేర్ చూద్దాం.

ఒకటి: పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్ళతో పళ్ళ మధ్య ఇసుక, ఉప్పు పోయేలా రుద్దండి. బాగా ఆరాక కొవ్వొత్తి రాయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది, గుడ్డకి మరక పడుతుంది.

రెండు: ఇంకా విచ్చుకుంటోందా? జిప్ మూసుకుని బయటికొచ్చే వైపు, రన్నర్ రెండు అంచులనీ కటింగ్ ప్లేయర్‌తో కొంచెం కొంచెంగా నొక్కండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. నేను ఒకటి పగలగొట్టేశాను, అదీ చూపిస్తా!

మూడు: రన్నర్ మార్చడం. పాతదాని వెనక 3, 5, 8 లాంటి నంబర్ ఉంటుంది. అది మూసిన పళ్ళ వెడల్పు, సుమారుగా మిల్లీమీటర్లలో. మాది 5. టైలరింగ్ సామాన్ల షాపుకి పాత రన్నర్ తీసుకెళ్ళి, నైలాన్ జిప్‌కి అదే నంబర్ అడగండి. ఇంటికొచ్చి కవర్ ఒక చివర కుట్లు కాస్త విప్పండి. జిప్ రెండు పట్టీలనీ కొత్త రన్నర్‌లోకి సమానంగా ఎక్కించి లాగండి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ అయితే కవర్ ముడతలు పడుతుంది. చివర్లో రన్నర్ ఊడిపోకుండా పళ్ళ మీద అడ్డంగా ఐదారు కుట్లు వేసి, విప్పిన చోటు మళ్ళీ కుట్టేయండి. ఎండకీ వానకీ నూలు దారం కంటే పాలియెస్టర్ దారం ఎక్కువ కాలం ఆగుతుంది.

ఆ చివరి కుట్లు నేనే వేశాను. వంకరగా వచ్చాయి. అమ్మ వేలితో తడిమి చూసి, "కుట్టు పెద్దదైందిరా నాన్నా, పర్లేదు, ఆగుతుంది" అంది. ఉయ్యాల మీద కూర్చుంది కూడా.

మీ ఇంట్లో కూడా జిప్ పోయి మూలన పడేసిన కవరో, బ్యాగో ఉంటుంది. ఇవాళ ఒకసారి బయటికి తీయండి. ముందు రన్నర్ చూడండి. ఎవరు కుట్టారో కూడా అడగండి. ఉంటా మరి, బై!