స్లైడు శీర్షిక

తెరపై స్లైడులు చూపుచు ప్రసంగించువారు ఏ మాట పైన నుంచవలెనో ముందుగా నిశ్చయించుకొనవలెను.

2003 జనవరి 16న అమెరికానుండి ఎగసిన కొలంబియా వ్యోమనౌక యెడమరెక్కకు, ఇంధనపుతొట్టి పైపూతనుండి ఊడిన పెచ్చు తగిలినది. ఇంజనీర్లు పరిశీలించి అధికారులకు స్లైడులు చూపిరి. ఒకదాని శీర్షికయందు ధైర్యవచనము. అట్టడుగున చిన్న యక్షరములలో అసలు సంగతి: పూర్వము పరీక్షించిన పెచ్చు 3 ఘనాంగుళములు, ఇప్పటిది 1920! ఫిబ్రవరి 1న తిరిగివచ్చుచు నౌక గగనమందే ముక్కలై ఏడుగురు మరణించిరి. కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా వారిలో నొకరు.

ఆ స్లైడు చదివిన యధికారికి ప్రాణాపాయము తోపకపోవచ్చునని విచారణసంఘమే వ్రాసినది.

కావున ఒక స్లైడున కొక్క భావముంచుడు; తక్కినది నోట వివరింపుడు. "పరీక్షించినదానికి ఇది 640 రెట్లు" అని శీర్షికయందే యుండిన, సభ ఉలికిపడకుండునా?