చెన్నపట్నపు టంకశాల
(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



పెరియపాళయం నుండి చెన్నపట్నం వెళ్ళి వచ్చేవారికి ‘మింట్’ అన్నది పరిచితమైన పేరే. ఆ వీధిని తమిళంలో తంగసాలై అంటారు. తంగం అంటే బంగారం కనుక, బంగారు అంగళ్ళ వలన ఆ పేరు వచ్చిందని పలువురి ఊహ. అసలు మాట టంకశాల. టంకం అంటే ముద్ర పడిన నాణెం. తెలుగు ఇళ్ళలో దేవుని పీఠంపై ఉంచే రామటంకాలలోనూ ఉన్నది ఈ మాటే. అవి అంగడిలో చెల్లేవి కావు, పూజకు మాత్రమే. టంకసాల అనే ఇంటిపేరు గలవారు నేటికీ తెలుగునాట ఉన్నారు.

చెన్నపట్నంలో నాణేల ముద్రణకు అనుమతి ఇచ్చినవాడు తెలుగు నాయకుడే. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్ల వర్తకులకు ఇచ్చిన పత్రంలో కోట కట్టుకొనే అనుమతితో పాటు నాణేలు ముద్రించుకొనే హక్కు కూడా ఉంది. పనివారి కూలి తప్ప మరే సుంకమూ చెల్లించనక్కర లేదని అందులోని షరతు. ఆయన సోదరుడు అయ్యప్ప నాయకుడు ఉండినది ఈ ప్రాంతానికి సమీపాన ఉన్న పూందమల్లిలో. వర్తకులు ఆ హక్కును అంతగా కోరడానికి కారణం ఉంది. వారి ఓడలు తెచ్చినది వెండి, బంగారం. వారికి కావలసినది ఈ తీరపు నేత బట్ట. పరదేశపు లోహాన్ని ఇక్కడివారు నమ్మే నాణెంగా మార్చనిదే బట్ట కొనుగోలు సాగదు.

ఇక్కడివారు నమ్మినది వరహాను. వరాహ ముద్ర వలన దానికి ఆ పేరు వచ్చింది. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వరహాను, అందులో సగమైన ప్రతాపాన్ని, ప్రతాపంలో పదవ వంతైన పణాన్ని తన గ్రంథంలో వర్ణించాడు. తరువాత వేంకటపతి రాయల వరహాలపై తిరుమల వేంకటేశ్వరుడు వెలిశాడు. కుంపిణీవారు ఆ సంప్రదాయాన్నే అనుసరించారు. దేవేరులిద్దరితో కూడిన స్వామి రూపాన్ని తమ బంగారు నాణెంపై ముద్రించారు. దానిని మూడు స్వాముల వరహా అనేవారు. వారిది మరో మతం, మరో దేశం. అయినా తమ రాజు ముఖాన్ని ముద్రిస్తే ఇక్కడి సాలెవాని నమ్మకం దొరకదని వారు గ్రహించారు. ఇది భక్తి కాదు, వర్తకనీతి. ఆ తరువాత వెనుకవైపు నక్షత్రం గల వరహా వచ్చింది. దాని బరువు సుమారు 3.4 గ్రాములు, పరిమాణం చింతగింజంత.

చేతిపనితో నాణెం చేసే పద్ధతి తెలుసుకోదగినది. బంగారాన్ని కరిగించి, ఒరగల్లుపై గీసి, వన్నె తెలిసిన ఆణుల గీతలతో పోల్చి చూసేవారు. వన్నె కుదిరాక చిన్న తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను తూచేవారు. బరువు ఎక్కువైతే అంచు గీసేవారు. తక్కువైతే తిరిగి మూసలోకే. సరితూగిన దానిని అచ్చుపై నిలిపి సుత్తితో కొట్టేవారు. సుత్తి దెబ్బ పక్కకు జరిగితే స్వామి ఒకవైపుకు ఒరిగేవాడు. అయినా ఆ నాణెం చెల్లేది. జనం చూసుకొన్నది వన్నెను, బరువును.

బీదవాని కష్టం మరోచోట ఉండేది. కుంపిణీ లెక్కలో వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. అంటే ఒక వరహాకు 3,360 రాగి కాసులు. అంగడిలో ఈ లెక్క నిలిచేది కాదు. చేతిలో కాసులు మాత్రమే ఉన్నవాడు వరహాల లెక్కన బాకీ తీర్చాలంటే షరాబు అడిగినంత వట్టం ఇచ్చుకోవలసిందే. లెక్కలు నేర్చినవాడికీ నేర్వనివాడికీ ఉన్న తేడా ఆ షరాబు బల్ల ముందు బయటపడేది.

1807లో యంత్రాలతో కొత్త నాణేలు వచ్చాయి. వెండి అర వరహాపై ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, రెండవవైపు తామరపూవు నుండి వెలువడే విష్ణుమూర్తి. ఆ మూర్తి చుట్టూ నాణెపు విలువను తమిళంలోను, తెలుగులోను వ్రాశారు. తమిళదేశంలో తెలుగు చదువు ఎందుకని అడిగేవారికి చూపదగిన నాణెం ఇది. చదివేవారు లేకపోతే ఏ వర్తకుడూ అచ్చుపై అదనపు అక్షరం చెక్కించడు.

1818లో వెండి రూపాయి ప్రమాణమైంది. 100 వరహాలకు 350 రూపాయలు మారకం. మిగిలిన వరహాలెన్నో నగలలో కలిసిపోయాయి. 1835లో దేశమంతటా ఒకే రూపాయి వచ్చింది. బరువు సరిగ్గా తులం. దానిపై తెలుగుకు చోటు లేదు. 1869లో చెన్నపట్నపు టంకశాల మూతపడింది. ఆ ప్రాంగణంలో తరువాత ప్రభుత్వ ముద్రణాలయం వెలసింది. లోహం పోయి కాగితం వచ్చిందన్నమాట!

ఐదవ జార్జి (1910–1936) కాలపు నికెలు అణా, బేడలపై తెలుగు మళ్ళీ కనిపించింది. నాలుగు భారతీయ లిపులలో దక్షిణాది నుండి చేరినది తెలుగు ఒక్కటే. 1957లో రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చి అణాలు తొలగిపోయాయి. 2011 జూన్ 30 నుండి పావలా బిళ్ళ కూడా చెల్లుబాటు కోల్పోయింది. మాట మాత్రం వ్యవహారంలో నిలిచే ఉంది.

నేటి నాణేలపై ఉన్నవి హిందీ, ఆంగ్లాలు మాత్రమే. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైనదని గుర్తు. తెలుగు అక్షరం కోసం మాత్రం కాగితపు నోటును తిప్పి చూడాలి. వెనుకవైపు పదిహేను భాషలలో విలువ వ్రాసిన పట్టీలో తమిళానికి సరిగ్గా కింది వరుస తెలుగుది.