పటంలో ముఖం, పటం మీద పేరు



పేరేసంద్రలో బస్సెక్కి హైదరాబాదు రోడ్డు మీద ఉత్తరంగా పోతే బాగేపల్లి వస్తుంది. అదీ దాటి, రాష్ట్రం సరిహద్దూ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమటికి తిరిగితే లేపాక్షి. మీలో చాలామంది చూసే ఉంటారు. వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి చూస్తాం, పెద్ద బసవన్న ముందు నిలబడి ఫోటో తీసుకుంటాం, తిరిగి వచ్చేస్తాం. ఈసారి పోయినప్పుడు గుడి లోపల కాసేపు తల పైకెత్తండి. మెడ నొస్తుంది గాని, చూడవలసింది అక్కడే ఉంది.

ఆ కప్పు మీది చిత్రాల్లో దేవుళ్లతో పాటు ఇద్దరు మనుషులున్నారు. విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో ఆ గుడి కట్టించినవాళ్లు. తలల మీద పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకొని, పరివారంతో భక్తిగా నిలుచున్నారు. మన సీమలో మనిషి రూపాన్ని రంగుల్లో నిలిపిన పాత ఆనవాళ్లలో ఇదొకటి. విరూపణ్ణ పేరు చెబితే ఆయన కళ్ల కథ కూడా జనం చెబుతారు. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లు మాత్రం ఎవరి నోటా నిలవలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అవ్వ చనిపోయినప్పుడు ఆమెది ఉన్నది ఒక్కటే ఫోటో, బొటనవేలంత. దాన్ని అంగడి బోర్డులు రాసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయినాం. ఆయన ఫోటో మీద సన్నగా గళ్లు గీసి, అట్ట మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని ఒక్కొక్క గడిలోకి దించినాడు. నాలుగు రోజుల్లో అవ్వ మా గోడ మీదికి వచ్చింది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి చీరకు రంగు ఆయనే ఊహించుకున్నాడు. మా అమ్మ చూసి, “అత్తకు పచ్చ చీరే లేదు కదా!” అని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. కింద సంతకం లేదేమని నేనడిగితే ఆయన, “పోయినోళ్ల పటం మీద నా పేరు ఏలన్నా?” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏండ్లు వదల్లేదు. చిత్రకారుడి పేరు బయటికి రావడానికి ఈ కాలంలో ఉన్న దారి ప్రదర్శన, బహుమతి. రవివర్మ సంగతి మీకు తెలుసు. 1873లో మద్రాసు ప్రదర్శనలో బహుమతి వచ్చింది, అదే ఏడాది వియన్నాలో కూడా ఆయన చిత్రం మెప్పు పొందింది. ఆ తర్వాత సంస్థానాలు పిలిచి బొమ్మలు వేయించుకున్నాయి. మన మైసూరు రాజకుటుంబం కూడా పిలిచింది. పతకం వచ్చాక పని వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

రాజుల బొమ్మలు సరే, మామూలు ముఖాల సంగతేమిటి? అందుకు తోట వైకుంఠం గారిని చూడాలి. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టినాడు. హైదరాబాదులో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నాడు. అంత చదివి వచ్చి ఆయన వేసిందేమిటంటే, తన ఊరి ఆడవాళ్లను! నుదుట రూపాయంత బొట్టు, ముక్కుపుడక, ఎర్రని, పసుపుపచ్చని చీరలు, నల్లని నిండు ముఖాలు. వాటి వెనుక తన తల్లి ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ బహుమతి, 1993లో లలితకళా అకాడమీ జాతీయ పురస్కారం వచ్చాయి. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి గారు ఇటువంటి ముఖాలనే మనిషెత్తు శిల్పాలుగా చేసి, బంగారు పూత వేసి, పూలకొప్పులు పెట్టి విదేశాల దాకా పంపినాడు. మన సంతలో కనబడే అక్కలాగే ఉంటుంది ఆ ముఖం. లేపాక్షి లెక్క ఇక్కడ తిరగబడింది. వేసినవాడి పేరు లోకానికి తెలుసు, బొమ్మలో ఉన్న ఆమె పేరు ఎవరూ అడగరు. ఇది కూడా నాకు కొంచెం వెలితిగానే తోస్తుంది.

ఈ రెండు పేర్లూ ఒకచోట కలిసిన సంగతి ఒకటుంది. అది చాలా దూరపు ఊరి కథ. ఆస్ట్రేలియాలో ఆర్చిబాల్డ్ బహుమతి అని, ముఖచిత్రాలకే ఇచ్చేది, 1921 నుంచి ఉంది. 1956లో ఆ బహుమతి విలియం డార్గీ అనే తెల్ల చిత్రకారుడికి వచ్చింది. ఆయన వేసింది ఆల్బర్ట్ నమత్జీరా ముఖాన్ని. ఆల్బర్ట్ ఆ దేశపు మూలవాసి, స్వయంగా పేరున్న చిత్రకారుడు. అయినా ఆనాడు ఆయన బహుమతి పొందిన పటంలోని ముఖం మాత్రమే. 2020లో ఆయన మునిమనవడు విన్సెంట్ నమత్జీరా అదే బహుమతి గెలిచినాడు. మూలవాసి చిత్రకారుడికి అది దక్కడం అదే మొదలు. గెలిచిన పటంలో తానూ ఉన్నాడు, పక్కన ఆడమ్ గుడ్స్ అనే మూలవాసి ఫుట్‌బాల్ ఆటగాడూ ఉన్నాడు. పటంలోకి పోయిన ఇంటివాళ్లు కుంచె పట్టుకొని బయటికి రావడానికి 64 ఏండ్లు పట్టింది.

ఆ బహుమతికి ఒక నిబంధన ఉంది. బొమ్మలోని మనిషిని కనీసం ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టుకొని వేయాలి. మా అవ్వను వేసినాయన అక్కడే ఆగిపోతాడు. ఆయన ఎదుట కూర్చున్నవాళ్లు ఎప్పుడూ లేరు. ఆయన దగ్గరికి వచ్చేది బొటనవేలంత ఫోటో, దాన్ని పట్టుకొని వచ్చిన కొడుకో కూతురో. నిబంధన తప్పని నేననను. అయితే చూడని ముఖాన్ని, దాన్ని ఎరిగినవాళ్లు చూసి ఏడ్చేటట్టు వేయడం కూడా విద్యే. దానికి బహుమతి పెట్టినవాళ్లను నేను చూడలేదు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పనీ పోయింది. గంటలో ముఖం అచ్చవుతుంది, పది రోజులకు ఎండకు వెలిసిపోతుంది.

కుంచె పట్టే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట. బెంగుళూరులో చిత్రకళా పరిషత్తు వాళ్లు ఏటా చిత్రసంతె జరుపుతారు. రోడ్డు పొడుగునా చిత్రాలు పరుస్తారు, వేసినవాళ్లే పక్కన కూర్చుంటారు. కొనకపోయినా పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. మన మాట తెలుగైనా, మన అకాడమీ కర్ణాటకదే. దరఖాస్తు కన్నడంలో రాయాలని సంకోచపడి ఊరుకున్న పిల్లల్ని నేను ఎరుగుదును.

మొన్న సున్నం కొట్టేటప్పుడు అవ్వ పటం కిందికి దించినాం. వెనక తిప్పి చూస్తే చట్రం కట్టిన అంగడివాళ్ల చీటీ, పేరుతో సహా, ఇంకా అంటుకొని ఉంది. బొమ్మ వేసినాయన పేరు ఎక్కడా లేదు. అమ్మను అడిగితే చప్పున చెప్పింది. ఆ చీటీ పక్కన పెన్సిలుతో ఆయన పేరు రాసి, పటాన్ని మళ్లీ మేకుకు తగిలించినాను.