చిరునామా లింకుగా మారేదెలా?

ఫోనులో ఎవరైనా వెబ్ చిరునామా పంపితే, అది నొక్కగానే తెరుచుకునే లింకుగా కనిపిస్తుంది. పంపినవారు టైపు చేసింది మామూలు అక్షరాలే. వాటిలో చిరునామాను గుర్తుపట్టే పని చాలా ప్రోగ్రాముల్లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చేస్తుంది. అక్షరాల వరస ఎలా ఉండాలో చెప్పే సూత్రం అది. గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950లలో ఈ భావనకు రూపమిచ్చారు. పాఠ్యంలో వెతకడానికి దాన్ని వాడే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రచురించారు.

హెచ్‌టీటీపీ, ఉంటే ఒక ఎస్, కోలన్, రెండు స్లాష్‌లు, ఆపైన ఖాళీ వచ్చేదాకా ఉన్నవన్నీ చిరునామాయే అని సూత్రం రాసుకోవచ్చు. చిక్కంతా చివర్లోనే. వాక్యం ముగించే చుక్క కూడా అందులో కలిసిపోతే లింకు సరైన పేజీకి చేరకపోవచ్చు. అందుకే చివరి చుక్కనూ కామానూ వదిలేయాలి. బ్రాకెట్టును మాత్రం గుడ్డిగా తీసేయకూడదు. వికీపీడియా చిరునామాలు కొన్ని దానితోనే ముగుస్తాయి. దానికి జత బ్రాకెట్టు చిరునామాలోనే ఉందో లేదో చూసుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. సూత్రం ఇంగ్లీషు అక్షరాలనే ఒప్పుకుంటే, తెలుగు అక్షరాలున్న చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. ప్రోగ్రాములు రాసే మిత్రులారా, మీ సూత్రాన్ని ఒక్క తెలుగు చిరునామాతోనైనా పరీక్షించండి.