బొగ్గు రైలుకు పచ్చజెండా... మన పిల్లలకు ఎర్రజెండానా?

(శ్రీరాంపూర్‌లో విద్యార్థులు, ఉద్యోగులు, గని కార్మికులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నన్ను రెండు చిన్న విషయాల మీద మాట్లాడమన్నరు. ఒకటి రైలు స్టేషను, రెండోది ఫుట్‌బాల్ గ్రౌండు. నీళ్లు, నిధులు, నియామకాల గురించి మాట్లాడిన నోటితోటి బంతాట గురించి మాట్లాడుడేందని కొందరికి అనిపించవచ్చు. కని ఈ రెండూ చిన్నవి కావు. ఊరి నుంచి బయటికి పోయే తొవ్వ స్టేషను. ఊర్ల ఉండి బతికే జాగ మైదానం. ఈ రెండూ ఎవరి చేతుల ఉన్నయో చూస్తె ఆ ఊరు ఎవరిదో తెలుస్తది.

ముందు రైలు సంగతి చెప్త. నిజాం కాలంల కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం వేసిండ్రు. 1929లో ఆ లింకు పూర్తయినంకనే మద్రాసు, ఢిల్లీ సూటిగ కలిసినయి. దేశం ఉత్తరాన్ని, దక్షిణాన్ని కలిపిన పట్టాలు మన ఊర్ల పక్కపొంటి పోతున్నయి. పెద్దపల్లి, రామగుండం, గోదావరి దాటితె మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి, కాగజ్‌నగర్... ఈ పేర్లు మనకు ఎక్కాలు వచ్చినట్టు వస్తయి. ఈ లైను పొంటి పట్నాలు పెరిగినయంటే బొగ్గు వల్లనే. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు జాడ పట్టిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. తర్వాత గనులు గోదావరి దాటి ఇటు బెల్లంపల్లికి, మందమర్రికి, మన శ్రీరాంపూర్‌కు వచ్చినయి.

గనులున్న శ్రీరాంపూర్‌కు బొగ్గు ఎక్కించే సీహెచ్‌పీ ఉన్నది. బొగ్గుకు రైలు పట్టాలున్నయి. మనిషి ఎక్కే స్టేషను మాత్రం లేదు. బొగ్గు తన గడప కాడనే రైలెక్కుతది. ఆ బొగ్గు తవ్వినోడు సంచి సంకల పెట్టుకొని మంచిర్యాలకన్న పోవాలె, రవీంద్రఖనికన్న పోవాలె. ఒక గూడ్సు రేకు అంటె 58, 59 వ్యాగన్లు, నాలుగు వేల టన్నుల దగ్గర బొగ్గు. అటువంటి రేకులు కదిలితెనే ఊర్లల్ల దీపాలు వెలుగుతయి. దాన్ని ఆపుమని మనం అంటలేము. బొగ్గుకు ఇచ్చిన విలువల కొంచెమన్న మనిషికి ఇయ్యిమంటున్నం.

2016 అక్టోబర్ 11న మంచిర్యాల జిల్లా అయ్యేదాక మన జిల్లా కేంద్రం ఆదిలాబాద్. ఆ పట్నంల రైలు స్టేషను ఉన్నది, మంచిర్యాలలనూ ఉన్నది. కని ఆదిలాబాద్ పట్టాలు అటు ముద్ఖేడ్ దిక్కు పోతయి, మనయి ఇటు బల్లార్షా దిక్కు పోతయి. ఒక్క జిల్లాల రెండు పట్నాల నడుమ సూటి రైలు లేకుండనే మూడు తరాలు గడిచిపోయినయి. కలెక్టరు ఆఫీసుల ఒక కాగితం కోసం బస్సుల పొద్దంత కూసున్న పెద్దమనుషులు ఈ సభల ఉన్నరు. ఇయ్యాల కలెక్టరేట్ మన నస్పూర్‌లనే ఉన్నది. అది కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఇచ్చిన ఫలం. ఆ మాట గట్టిగనే చెప్పుకుందాం.

పట్టాల మీద కూసున్నది మనమే

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి గనులల్ల దాదాపు 35 రోజులు తట్ట కదలలేదు. సెప్టెంబర్ 24, 25 తారీఖులల్ల రైల్‌రోకో చేసినం. ఆడవాళ్లు, పిల్లలు, ముసలోళ్లు పట్టాల మీద కూసున్నరు. బొగ్గు ఆగితె కరెంటు ఆగుతదని, కరెంటు ఆగితె హైదరాబాద్‌ల, ఢిల్లీల కూసున్నోళ్లకు మన మాట వినబడుతదని ఈ నల్లనేల దేశానికి చూపెట్టింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

రాష్ట్రం వచ్చినంక ఏమైంది? ఇక్కడ మనల్ని మనమే ప్రశ్నించుకోవాలె. నాడు ప్రతి కష్టానికి వలస పాలకులని వేలు చూపెట్టినం. అందుల నిజమున్నది. ఇయ్యాల ఆ వేలు మన దిక్కే తిరుగుతది. సింగరేణిల 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. రైలు కేంద్రం చేతుల ఉన్నది. కనుక ఏ గడప ముందట నిలబడి ఏమి అడగాలెనో తెలిసి అడగాలె. రైలు స్టాపు కోసం జనరల్ మేనేజరు ఆఫీసు ముందట ధర్నా చేస్తె ఫాయిదా లేదు. గ్రౌండు గేటు తీయుమని రైల్వే మంత్రికి కాయితం రాస్తె కూడ ఫాయిదా లేదు.

రైలు విషయంల అడిగితెనే వస్తదనేదానికి మన కండ్ల ముందటనే రుజువు ఉన్నది. 2024 సెప్టెంబర్‌ల నాగపూర్–సికింద్రాబాద్ వందేభారత్ మొదలైనప్పుడు తెలంగాణల దారిల కాజీపేట, రామగుండం స్టాపులే ఇచ్చిండ్రు. మంచిర్యాల జనం అడిగిండ్రు, పార్టీలన్నీ అడిగినయి, 2025ల స్టాపు వచ్చింది. సంతోషమే. కని వందేభారత్ ఎక్కేటోళ్లు మనల ఎందరు? ప్యాసింజరు ఎక్కేటోళ్లు ఎందరు? 2020 మార్చిల కరోనాకు ప్యాసింజర్లన్నీ బందయినయి. మళ్ల తిరిగేటప్పుడు దేశమంత చాలా ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, పది రూపాయల కనీస టికెట్టును ముప్పై చేసిండ్రు. నాలుగేండ్లు ఆ ముప్పై కట్టినంక 2024 ఫిబ్రవరిల మళ్ల పదికి తెచ్చిండ్రు. కూరగాయల గంప పట్టుకొని పోయే అవ్వకు, ఐటీఐ చదివే పిల్లగానికి ఆ ఇరవై రూపాయలు చిన్నయి కావు. వందేభారత్ స్టాపు కోసం కలిసిన పార్టీలు ప్యాసింజరు స్టాపు కోసం ఎందుకు కలువయి?

ఎకరం ముప్పావు జాగ

ఇగ గ్రౌండు కాడికి వస్త. పెద్ద పోటీలకు పెట్టే ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడుగు, 68 మీటర్ల వెడల్పు ఉంటది. లెక్క కడితె ఎకరం ముప్పావు. ఓపెన్‌కాస్టుకు వందల, వేల ఎకరాలు ఇచ్చిన నేల మనది. ఊర్లు ఇచ్చినం, చెరువులు ఇచ్చినం, బొందలగడ్డలు కూడ ఇచ్చినం. పిల్లల కోసం ఎకరం ముప్పావు అడుగుతె అది గొంతెమ్మ కోరిక అయితదా?

సింగరేణి మంచి మైదానాలు కట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. ఇక్కడ శ్రీరాంపూర్‌ల ప్రగతి స్టేడియం, రామకృష్ణాపూర్‌ల ఠాగూర్ స్టేడియం, బెల్లంపల్లిల తిలక్ స్టేడియం, గోదావరిఖనిల నెహ్రూ స్టేడియం, కొత్తగూడెంల ప్రకాశం స్టేడియం. కార్మికుల ఆటల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉన్నది. ఏరియాల నడుమ పోటీలు, కోల్ ఇండియా పోటీలు జరుగుతయి. ఇదంత కార్మికుల చెమట తోటి వచ్చిన సౌలతు.

అయితె ఆ సౌలతు ఎవరి లెక్కకు కట్టిండ్రో యాది చేసుకోవాలె. 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన పర్మినెంటు కార్మికులు ఉండిరి. ఇయ్యాల నలభై వేలకు అటు ఇటు ఉన్నరు. పని తగ్గలేదు, మట్టి తీసుడు తగ్గలేదు, బొగ్గు తగ్గలేదు. ఆ పని కాంట్రాక్టు కార్మికుని నెత్తి మీదికి వచ్చింది. ఆయన పిల్లలకు కంపెనీ క్వార్టరు లేదు, కంపెనీ కార్డు లేదు. కంపెనీ గ్రౌండు కంపెనీ వాళ్లదే అనుకుంటె, బొగ్గు తవ్వే ఊరిల సగం పిల్లలకు ఆడుకునే జాగ లేనట్టే.

ఒక ముచ్చట చెప్త. నా తోటి ఆడిన ఒక దోస్తు ఉండె. పేరు చెప్పను. బూట్లు లేకుండనే మట్టిల ఆడేటోడు. ఎడమ కాలుతోటి కొడితె గోలీ నిలబడి చూసుడే. ఒకసారి హైదరాబాద్‌ల సెలెక్షన్లు ఉన్నయని కబురొచ్చింది. తెల్లారంగ రైలు. కాలనీ నుంచి స్టేషనుకు ఆ యాల్ల బండి దొరకలేదు. నాయన నైట్ షిఫ్టుల ఉన్నడు. ఉరుక్కుంట పోయిండు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేటాలకు రైలు ఆఖరి డబ్బా కనబడ్డది. మళ్లీ ఏడు పోతననుకున్నడు, పోలేదు. ఇయ్యాల ఓపెన్‌కాస్టుల ప్రైవేటు వోల్వో నడుపుతున్నడు. ఆయన పెద్ద ఆటగాడు అవుతుండెనని నేను చెప్పలేను. కని అవుతడో కాడో తేల్చుకునే అవకాశం కూడ దొరకలేదు. ఆ బాధ ఒక్కనిది కాదు.

అమ్ముగూడ బలరాం

ఇంతదాక ఎందుకు పోవాలె, మన తెలంగాణ బిడ్డ తులసీదాస్ బలరాం కథ చూడుండ్రి. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడల పేదింట పుట్టిండు. ఆ అమ్ముగూడల కూడ చిన్న రైలు స్టేషను ఉన్నది. అక్కడి మైదానాలల్లనే ఆట నేర్చిండు. గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఆయనను చూసి ప్రాక్టీసుకు రమ్మన్నడు. రోజూ నగరానికి వచ్చిపోయే స్థోమత లేదని బలరాం చెప్తె, సైకిల్ కిరాయికి రహీం సాబే పైసలిచ్చిండు. ఆ సైకిలు ఎక్కిన పిల్లగాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టుల ఉన్నడు. ఆ జట్టు నాలుగో స్థానంల నిలిచింది. 1960 రోమ్‌ల హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిండు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం తెచ్చిండు. ఆఖరుకు రైల్వే జట్టు బీఎన్ఆర్‌ల ఆడిండు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాల కన్నుమూసిండు.

ఆయన చివరి రోజులు గడిపింది హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాల. ఆ ఊరు ఏ సబ్‌డివిజన్ కిందికి వస్తదో తెలుసా? శ్రీరాంపూర్! బెంగాల్‌ల కూడ ఒక శ్రీరాంపూర్ ఉన్నది. ఆ శ్రీరాంపూర్‌ల 1854 నుంచే రైలు ఆగుతున్నది. మన బిడ్డను అక్కడి జనం గుండెలకు హత్తుకున్నరు. మన శ్రీరాంపూర్ పిల్లలల్ల ఎందరికి బలరాం పేరు తెలుసు?

ఇంకొకటి. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57ల, 1957–58ల వరుసగ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరు మీద 1965–66ల ఒక్కసారి గెలిచింది. ఆ తర్వాత మళ్ల గెలువలేదు. దీనికి విలీనం ఒక్కటే కారణమని నేను అనను. 1963ల రహీం సాబ్ పోయిండు, మైదానాలు పోయినయి, క్రికెట్ మోజు వచ్చింది. అయితె తెలంగాణ వచ్చి పదేండ్లు దాటింది. ఆ కప్పు మళ్ల మన ఇంటికి రావాలంటె అది గచ్చిబౌలి నుంచి ఒక్కటే రాదు. శ్రీరాంపూర్ నుంచి, బెల్లంపల్లి నుంచి పిల్లలు పోవాలె.

ఏమి అడుగుదాం?

ఉత్తగ బాధ చెప్పుకొని పోతె లాభం లేదు. నాలుగు మాటలు తీర్మానంల పెట్టుదాం.

ఒకటి: పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మైదానం గేటు అందరి పిల్లలకు తెరువాలె. క్వార్టరు పిల్లలు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, నిర్వాసిత ఊర్ల పిల్లలు అనే తేడా ఉండద్దు. ఆడపిల్లలకు వేరే సమయం, బట్టలు మార్చుకునే గది ఉండాలె.

రెండు: ఫుట్‌బాల్‌కు ఒక కోచ్‌ను పెట్టాలె. పైసలు ఎక్కడియి అంటరు. 2013 కంపెనీల చట్టంల సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే పనుల జాబితాల ఆటల శిక్షణ కూడ ఉన్నది. దాన్నే చూపెట్టి అడుగుదాం.

మూడు: రైలు సమయాలకు సరిపోయేటట్టు కాలనీల నుంచి మంచిర్యాల, రవీంద్రఖని స్టేషన్లకు బస్సు నడువాలె. ప్యాసింజర్ల స్టాపులు కాపాడాలె. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులతోటి చేసే పనులల్ల రోడ్లు, వంతెనలు, రైల్వే సౌకర్యాలు కూడ ఉన్నయి. ఆ నిధి మన దుమ్ముకు, మన దగ్గుకు ఇచ్చిన పరిహారం. దాని లెక్క మన ముందట చెప్పాలె.

నాలుగు, అన్నిటికంటె ముఖ్యమైంది: బొగ్గు అయిపోయినంక ఈ జాగ ఎవరిది? బెల్లంపల్లిని చూడుండ్రి. గనులు మూతపడ్డయి, ఏరియా జీఎం ఆఫీసు గోలేటికి పోయింది, బజారు పలుచబడ్డది. 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక ఉండాలనే నిబంధన ఉన్నది. మైదానం, బడి, దవాఖాన ఊరికే మిగులుతయని ఆ ప్రణాళికల రాపిచ్చుకోవాలె. ఇయ్యాల రాపిచ్చుకోకపోతె రేపు ఆ ఎకరం ముప్పావు ప్లాట్ల కింద ముక్కలయితది. అప్పుడు మనం ఎంత మొత్తుకున్నా వినేటోడు ఉండడు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, 2011ల ఈ పట్టాల మీద రైలును ఆపిన తల్లిదండ్రుల బిడ్డలు మీరు. రైలును ఆపుడు మీ అమ్మానాయనలు నేర్చిండ్రు. మన కోసం రైలును ఆగేటట్టు చేసుడు మీరు నేర్చుకోండ్రి. సంతకాలు తీయుండ్రి, ఎంపీని అడుగుండ్రి, యూనియన్ల లీడర్లను అడుగుండ్రి. ఎన్నికలప్పుడు వాళ్లు వచ్చి మీటింగు పెట్టేది గీ మైదానాలల్లనే గదా! మీటింగుకు గేటు తెరిచినోళ్లు ఆటకు ఎందుకు తెరువరో అక్కడనే నిలదీయుండ్రి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఒక బంతి పట్టుకొని గేటు కాడికి రాండ్రి. నేను కూడ వస్త. నా దోస్తును కూడ తీసుకొస్త. ఆయన ఎడమ కాలుల ఇంకా దమ్మున్నదో లేదో చూద్దాం.

జై తెలంగాణ!