సీసాతో పాటు ఒక మాట

 

కరోనా వచ్చిన 2020 నుంచి మన పాడేరులో ఇళ్లలో, హాస్టళ్లలో, మసీదు వుజూ ఖానాలో క్రిములను చంపే స్ప్రేలు అలవాటయ్యాయి. వాటిలో మీ సొమ్ముతో కొని పంచినవీ ఉన్నాయి. అయితే సీసా ఇస్తే సరిపోదని మాకు ఒక పొరపాటు నేర్పింది.

మేము పనిచేసిన ఒక బడిలో, చలికాలం పొద్దున, తలుపు వేసుకుని ఆయమ్మ మరుగుదొడ్డి కడుగుతోంది. బ్లీచింగ్ నీళ్లు చల్లింది. మరక పోలేదని దాని మీదే యాసిడ్ పోసింది. ఘాటు లేచి ఊపిరాడలేదు. గాలిలోకి తీసుకొచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. కోలుకుంది. సీసా మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పవలసిన వాళ్లం మేమే, చెప్పలేదు.

బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కాబట్టి ఏ రెండు మందులూ కలపకూడదు. చలైనా సరే తలుపులు, కిటికీలు తీసి ఉంచాలి. స్పిరిట్ కలిసిన స్ప్రేలు అంటుకుంటాయి, కట్టెల పొయ్యి దగ్గర కొట్టకూడదు. మనుషుల మీద అసలే కొట్టకూడదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే ఈ మాట చెప్పింది. మందును తాగునీళ్ల సీసాలో పోసి పెట్టకూడదు. పిల్లలకు అందనివ్వకూడదు.

ఇక మందు పనిచేయడం సంగతి. మట్టి, జిడ్డు ఉన్నచోట అది సరిగా పనిచేయదు. ముందు సబ్బు నీళ్లతో కడగాలి. తర్వాత బాగా తడిసేలా కొట్టి, సీసా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. కొన్నిటికి 10 నిమిషాలు పడుతుంది. కొట్టగానే తుడిచేస్తే వాసన మిగులుతుంది, క్రిములూ మిగులుతాయి. అన్నం తినే బల్లనైతే చివర మంచినీళ్లతో తుడవాలి.

రోజువారీ శుభ్రానికి సబ్బు చాలు. ఇంట్లో వాంతులు, విరేచనాలు, అంటురోగం ఉన్నప్పుడు మందు తీయాలి.

అందుకే దాతలకు మా మనవి ఒకటే. ఈసారి స్ప్రేలు తగ్గించి సబ్బులు, బకెట్లు, రబ్బరు తొడుగులు ఎక్కువ ఇవ్వండి. ప్రతి సీసాకూ తెలుగులో చీటీ అంటిద్దాం. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లులకు వాళ్ల మాటలోనే చెప్పి, ఒకసారి చేసి చూపిద్దాం. ఆ పని మా ఉపాధ్యాయులం చేస్తాం.