జ్వరం తగ్గాక మారిన మనిషి
(అమలాపురంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మాటెత్తితే మన సభల్లో బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులతోనే పొద్దు పోతుంది. నేను డాక్టరును కాను, బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం నేను చేసిన పొరపాటు.

1980ల చివర్లో రాజోలు వైపు ఒక పల్లెటూరి బళ్లో పనిచేసేవాణ్ణి. ఐదో తరగతిలో ఒక నెమ్మదైన పిల్లవాడు. వర్షాకాలంలో జ్వరం, ఫిట్సు వచ్చి కాకినాడ పెద్దాసుపత్రిలో చేరాడు. మెదడువాపు జ్వరమన్నారు. బతికి వచ్చాడని ఊరంతా సంతోషించింది. కాని బడికి వచ్చింది పాత పిల్లవాడు కాదు. ఒకచోట కూర్చోడు. పక్కవాణ్ణి గిల్లుతాడు. ఊరికే నవ్వుతాడు, అంతలోనే ఏడుస్తాడు. నిన్న అప్పజెప్పిన ఎక్కం ఇవాళ రాదు. గారాబంతో చెడిపోయాడనుకుని బెత్తం తీశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. వాళ్లమ్మ వచ్చి, "కొట్టకండి మేష్టారూ, వీడు మునుపటి మా వాడు కాడండి, ఏదో గాలి సోకిందండి" అంది. కారణం తప్పు చెప్పింది గాని, మార్పును సరిగ్గా కనిపెట్టింది. చదువుకున్న నేను అదీ కనిపెట్టలేదు.

మెదడువాపు జ్వరాల్లో మన దేశంలో బాగా పేరుపడ్డది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. వరిచేలల్లో నిలిచిన నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ, కొంగల నుంచి, పందుల నుంచి ఆ వైరస్‌ను మనిషికి చేరవేస్తుంది. ఊడ్పుల నీళ్లు, కొంగలు, దోమలు కోనసీమవాళ్లకు కొత్తగా చెప్పాలా? వైరస్ సోకినవారిలో చాలామందికి ఏ జబ్బూ రాదు. మెదడు వాచిందా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నూటికి 30 మంది వరకూ చనిపోవచ్చు, 30 నుంచి 50 మందికి శాశ్వతమైన లోపాలు మిగలవచ్చు. కాలూ చెయ్యీ పడిపోతే అందరికీ కనబడుతుంది. స్వభావం మారితే అది జబ్బని ఎవరికీ తట్టదు.

ఈ వైరస్ మెదడు లోతున ఉండే థాలమస్ వంటి భాగాలను దెబ్బతీస్తుంది. నుదుటి వెనకున్న మెదడుతో వాటికి సంబంధం ఉంది. కోపం అందరికీ వస్తుంది. దానికి అడ్డువేసేది ఆ నుదుటి భాగమే. మన కాలువల మీద లాకుల వంటిదనుకోండి. లాకు చెడితే నీళ్లను తిట్టి ఏం లాభం?

ఇది పిల్లల సంగతేనని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్ అరుదుగా మెదడుకెక్కుతుంది. అప్పుడు జ్వరంతోపాటు మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, అయినవాళ్లను గుర్తుపట్టడు. "పెద్దాయనకు మతి తప్పింది" అని ఇంట్లో కూర్చోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి ఎసైక్లోవిర్ అనే మందుంది. నరానికి ఎక్కిస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. కోవిడ్‌లోనూ కొందరు వృద్ధులకు దగ్గూ జ్వరమూ లేకుండా తికమకే మొదటి లక్షణంగా కనబడింది. 2022లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 51 నుంచి 81 ఏళ్ల మధ్యనున్న 785 మంది మెదడు చిత్రాలను పోల్చి చూశారు. కోవిడ్ సోకినవారిలో, వాసనతో సంబంధమున్న భాగాలు సగటున కాస్త ఎక్కువ తగ్గినట్లు తేలింది. తేడా స్వల్పమే, బెంగపడకండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరంతో మాట తేడా వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం తగ్గాక నెలల తర్వాత మనిషి తీరు మారినా, ఆ పాత జ్వరం సంగతి డాక్టరుగారికి మరవకుండా చెప్పండి. మనవల బడిలో మేష్టార్లకూ చెప్పండి.

ఆ పిల్లవాడు ఐదో తరగతితోనే ఆగిపోయాడు. ఇప్పుడు నడివయసువాడు. అంబాజీపేటలో కొబ్బరికాయలు లెక్కపెట్టే పనిలో ఉన్నాడు. లెక్క తప్పితే విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాడట, షావుకారు చెప్పాడు. మొన్న నేను పలకరిస్తే "నమస్కారమండి మేష్టారూ" అన్నాడు. అని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.